తలుపు చూసి కూర్చునే ఎలిజియో

ఎలిజియో ఎక్కడికెళ్లినా ముందు తలుపు చూస్తాడు, మనుషుల్ని తర్వాత చూస్తాడు. కొండ మీది మా ఊళ్లో భూమి ఎప్పుడు కదులుతుందో తెలియదు. భయం అందరికీ ఉంది, కాకపోతే మేం దాచుకుంటాం. అతను దాచుకోడు.

చర్చి పెద్ద కార్డినల్ గారి పాత బంగళా, ఆ విల్లాకి అతనే కాపలా. పైకప్పు మీద గీసిన వందల ఏళ్ల నాటి బొమ్మలు చూడ్డానికొచ్చి తలెత్తిన వాళ్లని ఆపేసేవాడు. "బొమ్మలెక్కడికీ పోవు బాబూ. ముందిటు చూడండి. ఇదీ తలుపు. బయటికే తెరుచుకుంటుంది."

నా పెళ్లికి సాక్షి అతనే. చర్చి గడప దాటితే ఒట్టు! "ఫాదర్, ఆ పెళ్లి పుస్తకం ఇటు పంపండి, సంతకం పెడతా!" అని అక్కణ్ణించే కేకేశాడు. మా ఇంటికి భోజనానికొచ్చినా గడప మీదే సూపు తాగుతాడు.

"లోపలికి రా మామా, పిల్లికి దారి లేదు."

"దాన్నీ బయటే ఉండమను. బతికిపోతుంది."

అతని పక్కిల్లు దొమితిల్లమ్మది. ఒంటరి ముసలావిడ. బళ్లో మా అందరి చెవులూ మెలేసిన టీచరు. "పిరికోడా! మా గోడలు నీ గుండెకన్నా గట్టివిరా" అని కిటికీలోంచి తిట్టేది.

ఆ అక్టోబరులో ఒక పొద్దున నేను పొయ్యిలోంచి రొట్టెలు తీస్తున్నాను. కాళ్ల కింద నేల గుర్రుమంది. పెంకులు రాలాయి. ఊరంతా విల్లా తోటలోకి పరిగెత్తాం. అందరికన్నా ముందు ఎలిజియో.

చూస్తే దొమితిల్లమ్మ లేదు. ఆవిడ ఇంటి గోడ పైనుంచి కిందిదాకా చీలి ఉంది. మొదటి కుదుపు వదిలేసినదాన్ని రెండోది పడగొడుతుందని మాకందరికీ తెలుసు. ఒక్కరూ కదల్లేదు. ఎలిజియో లేచి నడిచాడు. సిగ్గేసి నేనూ వెనకాలే వెళ్లాను.

ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది. మొహం సున్నం.

"నేను రాను. నాకేం భయం లేదు."

ఎలిజియో ఆవిడ ముందు చతికిలబడ్డాడు. "నాకుంది టీచరమ్మా! కాళ్లాడటం లేదు. చెయ్యి పట్టుకుని తోటదాకా దింపరూ?"

"సిగ్గు లేదురా?"

"ఎప్పుడో పోయిందమ్మా. తొందరగా లేవండి, ఏడ్చేస్తాను."

ఆవిడ లేచింది. దారంతా తిడుతూ అతన్ని లాక్కొచ్చింది. మేం తోటలో అడుగుపెట్టామో లేదో రెండోది వచ్చింది. ఆవిడ ఇంటి బాల్కనీ విరిగి వీధిలో పడింది.

"ఇదిగో మీ వీరుడు! నేను లేకపోతే పోయేవాడు" అందావిడ. అందరూ నవ్వారు. ఇంకా పట్టుకునే ఉన్న ఆ చేతుల్లో వణుకుతున్నది ఆవిడది, అతనిది కాదు. అది నేనొక్కదాన్నే చూశాను.

ఇప్పుడు గిన్నెలు కాస్త గలగలమంటే చాలు, దొమితిల్లమ్మ బయటపడి, "ఒరేయ్ పిరికోడా, వస్తున్నా, ఉండు!" అంటూ అతని తలుపు బాదుతుంది. అప్పటికే వెనక పెరట్లోకి ఉరికిన ఎలిజియో దేవుణ్ణి తలుచుకుంటూ కిటికీలోంచి మళ్లీ లోపలికి దూరి, "వచ్చారా తల్లీ!" అంటూ గడియ తీస్తాడు.