అరచేతిలో రాసుకున్న రెండు మాటలు

మా చిన్నప్పుడు... తెల్లవారుజామున పొయ్యిలో కొడవలి కొన ఎర్రబడుతోంది. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని చొక్కా పైకి లాగి పట్టుకుంది. జ్వరంతో వాడు కళ్ళు కూడా తెరవడం లేదు.

ఏన్కూరు అవతల, అడవి మొదలయ్యే చోట మా ఊరు. వానలు పడితే చలిజ్వరాలు ఇంటింటికీ వచ్చేవి. జ్వరం ముదిరిన పిల్లలకు కడుపులో ఎడమవైపు చెక్కముక్కలా గట్టిగా తగిలేది. దాన్ని 'బల్ల' అనేవాళ్ళు. బల్లకు మా దగ్గర ఒకటే వైద్యం... కడుపు మీద వాత.

ముందురోజే నాయిన తమ్ముణ్ణి ఏన్కూరు దవాఖానాకు తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు వాడి పొట్ట నొక్కి చూసి, పక్కనున్న కాంపౌండరుతో "స్ప్లీనోమెగలీ... యాంటీపైరెటిక్ ఇవ్వు" అన్నాడు. కాంపౌండరు జ్వరం గోలీలు పొట్లం కట్టి ఇచ్చాడు. నాయినతో మాత్రం డాక్టరు, "రేపే ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపో" అని ఊరుకున్నాడు.

అంత పొడుగు పేరున్న రోగం మనిషిని బతకనివ్వదని నాయిన అక్కడే అనుకున్నాడు. ఇంటికొచ్చి, "ఖమ్మం పోయి ఏం ఫాయిదా... పేరే నోరు తిరుగుతలేదు" అని అరుగు మీద కూలబడ్డాడు. ఇక వాతే దిక్కని నాయినమ్మ తేల్చేసింది.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఆ ఏడే కొత్తగా వచ్చిన ఇంగ్లిష్ సారు బోర్డు మూలన రోజూ ఒక పెద్ద మాట రాసేవాడు. చెరకుగడను కణుపు దగ్గర విరిచినట్టు దాన్ని విరిచి చూపించేవాడు. ఈ ముక్క గ్రీకు, ఆ ముక్క లాటిన్... నాకు ఆ మాటల పిచ్చి పట్టింది. దవాఖానాలో విన్న రెండు మాటలనూ పెన్నుతో అరచేతిలో రాసుకున్నాను. పొయ్యి ముందు కూర్చుని వాటినే చూస్తున్నాను... స్ప్లీన్ అంటే ప్లీహమని సైన్సు పుస్తకంలో ఉంది. మెగా అంటే పెద్దదని సారు చెప్పాడు.

"నాయినా, గది కొత్త రోగం కాదు. ప్లీహం పెద్దగైందని అర్థం... అంతే. నాయినమ్మ చెప్పే బల్లే అది."

నాయిన తలెత్తాడు. నాయినమ్మ మాత్రం కొడవలిని నిప్పుల్లో ఇంకోవైపు తిప్పింది.

"అవ్ మరి, నేను గదే చెప్తున్న. బల్లైతే వాతే మందు. వాని కాళ్ళు గట్టిగ పట్టుకో."

నా మాట నాకే అడ్డం తిరిగింది... తమ్ముడి కాళ్ళు పట్టుకున్నాను. కాలిపోతున్నాయి. అరచేతిలో మిగిలిన రెండో మాట చెమటకు చెదిరిపోతోంది. యాంటీ అంటే ఎదురు. పైర్ అంటే...

"నాయినమ్మా, డాక్టరు ఇచ్చిన గోలీ పేరుల అగ్గి ఉన్నది."

"ఏందే?"

"పైర్ అంటే అగ్గి. వీని ఒంట్ల అగ్గి ఉన్నదని, దానికి ఎదురు పోయే గోలీ ఇచ్చిండు. నువ్వేమో అగ్గి మీద ఇంకింత అగ్గి పెడ్తనంటున్నవ్."

"సదువుకున్నదాని నోరు సూడు," అంటూ కొడవలి బయటికి తీసింది. అమ్మ కళ్ళు మూసుకుంది...

నాయినమ్మ ఎడమచెయ్యి తమ్ముడి కడుపు మీద పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"పెనం లెక్క కాలుతున్నడు పోరడు," అంది మెల్లగా. కొడవలిని నీళ్ళ గోలెంలో ముంచింది. చుయ్యిమంది. నాయిన వైపు తిరిగి, "ఏం జూస్తున్నవ్ రా... బస్సు యాళ్ళైంది, జల్దీ లే. పిల్లను గూడ తీస్కపో. ఆడ డాక్టరు ఏమంటడో ఇరిసి చెప్తది," అంది.

ఖమ్మంలో మందులు పడ్డాక జ్వరం దిగింది. బల్ల నెమ్మదిగా కరిగిపోయింది. మా ఈడు వాళ్ళలో చాలామంది కడుపుల మీద ఇప్పటికీ వాతల మచ్చలున్నాయి. తమ్ముడికి ఆ మచ్చ లేదు.

ఆ తర్వాత నేను బడి నుంచి రాగానే నాయినమ్మ చింతపండు గింజలు తీస్తూ అడిగేది... "ఇయ్యాల ఏం మాట ఇరిసిండే మీ సారు?"

ఇప్పుడు ఎంత పెద్ద మాటకైనా ఫోను క్షణంలో అర్థం చెబుతుంది... ఇవాళ ఏ మాట నేర్చుకున్నావని సాయంత్రం అడిగేవాళ్ళే లేరు. మీ ఇంట్లో అలా అడిగిన మనిషి ఎవరు? మీరు విరిచి చెప్పిన మొదటి మాట గుర్తుందా... ఉంటే కింద రాయండి. నేను చదువుతాను.