తర్వాతి టీచరు గారికి

గోపన్‌పల్లి ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి అంటే కనకలక్ష్మి టీచర్. పదకొండేళ్లుగా ఇదే లెక్క. ఈ పదకొండేళ్లలో ప్రభుత్వం పుస్తకాలు మార్చింది, ఇంగ్లిషు మీడియం తెచ్చింది, ఒక పేజీ ఇంగ్లిషూ పక్క పేజీ తెలుగూ పెట్టింది, ఏ పూట ఏం చెప్పాలో నిమిషాలతో సహా అచ్చువేసి చేతికిచ్చింది. అన్నిటికీ ఆమె "సరే సార్" అనేది. గొణగడం రాక కాదు. అదంతా ఇంటికెళ్లి, కూరగాయలు తరుగుతూ మొగుడి దగ్గర గొణిగేది. గచ్చిబౌలిలో కంపెనీ బస్సు నడుపుకునే వీరేశం పాపం, ఏ సర్క్యులర్లో ఏముందో హెడ్మాస్టరు కంటే బాగా చెప్పగలడు.

అసలు తంటా నెలనెలా జరిగే చదువు పరీక్షతో వచ్చింది. పిల్లల్ని ఒక్కొక్కరినే ఎదురుగా నిలబెట్టి, నిమిషం టైము పెట్టి, ఒక పేరా చదివించాలి. తర్వాత ఫోన్‌లో 'చదవగలరు' అనో 'చదవలేరు' అనో నొక్కాలి. మండలంలో ఉన్న మూడో తరగతులన్నిటికీ ర్యాంకులు వస్తాయి. నాలుగు నెలలుగా కనకలక్ష్మి తరగతిదే ఆఖరు ర్యాంకు.

చెప్పడం చేతకాక కాదు. ఆమె తరగతి పిల్లల అమ్మానాన్నలు అపార్టుమెంటు టవర్లు కట్టేవాళ్లు, వాటికి కాపలా కాసేవాళ్లు. టవరు లేచేదాకా ఇక్కడ ఉంటారు. లిఫ్టు తిరగడం మొదలవగానే మూట కట్టుకుని ఇంకో టవరు దగ్గరికి పోతారు. చదవడం వచ్చిన పిల్ల మంగళవారం వెళ్లిపోతుంది, అక్షరం రాని పిల్ల బుధవారం వచ్చి కూర్చుంటుంది. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టుందమ్మా నీ కష్టం అని హెడ్మాస్టరు జాలిపడ్డాడు.

"నీళ్లు యాడికి పోయినయి సార్, నేలల్నే కదా ఇంకినయి" అంది కనకలక్ష్మి.

పక్క తరగతి టీచరు జ్యోత్స్న పుట్టింది తెనాలిలో, పెరిగింది మణికొండలో. ఆమె దగ్గర సులువైన ఉపాయం ఉంది. "అందరికీ 'చదవగలరు' కొట్టేయండి మేడం. ఎవరొచ్చి చూస్తారండీ?"

"రానోనికి వచ్చిందని రాస్తే రేపటి టీచర్ వాన్ని ఏమడుగుతది? అడగకుంటే వాడు గట్లనే ఉంటడు" అంది కనకలక్ష్మి.

ఈ రేపటి టీచరు మీద ఆమెకు మొదటి నుంచీ ధ్యాస. పిల్లలు బడి వదిలి వెళ్లేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్లో పుట్టిన తేదీకి చోటుంటుంది, పిల్లకు ఏం వచ్చో ఏం రాదో రాయడానికి ఉండదు. అందుకని వెళ్లే ప్రతి పిల్ల తెలుగు పుస్తకం తీసుకుని, వెనక అట్ట లోపలి పక్క 'తర్వాతి టీచరు గారికి' అని మొదలుపెట్టి నాలుగు ముక్కలు రాసేది. ఎవరైనా చదువుతారో లేదో ఆమెకు తెలియదు. రాయకపోతే మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు.

నవంబరులో కబురొచ్చింది. శనివారం మండల విద్యాధికారి ఓంకార్ సారు స్వయంగా వచ్చి పరీక్ష పెడతారు. తరగతిలో సగం మందైనా చదవాలి. లేదంటే మూడో తరగతి వేరే టీచరుకు ఇచ్చి, కనకలక్ష్మిని మండల ఆఫీసులో అంకెలు ఎక్కించే పనికి పంపిస్తారు.

"ఏసీ రూముల కూసుంటవు. మంచిదే కదనే" అన్నాడు వీరేశం.

ఆమె కత్తిపీట పక్కకు జరిపి ఏడ్చేసింది. పిల్లలు లేని గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలా కూర్చోవాలో ఆమెకు నిజంగానే తెలియదు. వీరేశం తనే బెండకాయలు తరిగాడు.

శనివారం ఓంకార్ సారు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. పంతొమ్మిదేళ్లు పాఠాలు చెప్పి ఆఫీసరైనవాడు, ఇప్పుడు మీటింగుల మధ్య ఊపిరాడనివాడు. కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరినే పిలుస్తుండగా, కాపలావాళ్ల యూనిఫాంలో ఒక మనిషి కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"గుర్తువట్టలేదా టీచరమ్మా? కొమురయ్యను. శ్రీనుగాని నాయినను. మల్ల ఈడికే వచ్చినం. ఇది చిన్నది, భవాని."

రెండేళ్ల కింద వెళ్లిపోయిన శ్రీను కనకలక్ష్మికి బాగా గుర్తు. అప్పటికప్పుడే భవాని పేరు మూడో తరగతి రిజిస్టర్లో ఎక్కించింది. పేరెక్కితే పరీక్ష తప్పదు. ఆ పిల్ల వంతు వచ్చేసరికి పాత పిల్లలు ఇరవై అయిదు మందిలో చదివింది పన్నెండు మంది. ఇరవై ఆరోది భవాని. ఆ పిల్ల చదివితే సరిగ్గా సగం.

ఆ పిల్లేమో ఓంకార్ సారు ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, నోరు విప్పలేదు. నిమిషం అయిపోవచ్చింది. 'చదవలేరు' నొక్కడానికి ఆయన వేలు లేచింది.

పిల్లకు పాత బడిలో ఏం చెప్పి ఉంటారో చూద్దామని కనకలక్ష్మి భవాని సంచిలోంచి పుస్తకం తీసింది. అన్న వాడిన పాత పుస్తకం. వెనక అట్ట తిప్పితే తన చేతిరాతే కనిపించింది.

'తర్వాతి టీచరు గారికి: శ్రీనుకు ఒత్తులు వచ్చు, తీసివేత రాదు. కోప్పడితే మాట్లాడడు. పాటగా చెబితే నేర్చుకుంటాడు. – కనకలక్ష్మి, గోపన్‌పల్లి.'

దాని కింద వేరే చేతిరాత. 'నిజమే మేడం. పాటతోనే తీసివేత వచ్చింది. – కోకాపేట.'

ఇంకా కింద, ఆకుపచ్చ సిరాతో: 'పుస్తకం ఇప్పుడు చెల్లెలు భవానిది. బాగా చదువుతుంది. ఎదురుగా నిలబెడితే నోరు తెరవదు. పక్కన కూర్చోండి. – కొల్లూరు.'

కనకలక్ష్మికి కళ్లు మసకబారాయి. అంటే చదివారు. చదివి జవాబు కూడా రాశారు.

"సార్, జర ఆగున్రి. మీరు కింద కూసోవాలె" అని పుస్తకం ఆయన ముందు పెట్టింది.

ఆయన రెండుసార్లు చదివాడు. "ఇది ఏ ఫార్మాట్ మేడం?"

"ఏ ఫార్మాట్ కాదు సార్. నా అలవాటు."

"నిలబెట్టే చదివించాలని రూల్ ఉన్నది కదా."

"చదువుడు వచ్చిందా అని కదా సార్ మీరు చూసేది. నిలబడుడు వచ్చిందా అని కాదు కదా."

పదకొండేళ్లలో ఆమె "సరే సార్" అనకపోవడం అదే మొదటిసారి. ఓంకార్ సారు ప్యాంటు పైకి లాక్కుని, "అమ్మా, మోకాళ్లు" అనుకుంటూ చాప మీద కూలబడ్డాడు. పిల్లలు ఘొల్లున నవ్వారు. భవాని కూడా నవ్వింది. వచ్చి ఆయన పక్కన కూర్చుని, పరీక్ష కాగితం మోకాళ్ల మీద పెట్టుకుని, అక్షరాల కింద వేలు పెట్టి పేరా చివరిదాకా చదివింది. ఇంకేమైనా ఉందా అన్నట్టు కాగితం వెనక్కి తిప్పి చూసింది.

ఆయన 'చదవగలరు' నొక్కాడు. కనకలక్ష్మి భవానికి కొత్త పుస్తకాలు తేవడానికి స్టోరు గదిలోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఆయన పాత పుస్తకాన్ని పిల్ల సంచిలో పెట్టి, పెన్ను జేబులో పెట్టుకుంటున్నాడు.

ఆ నెల కూడా ఆఖరు ర్యాంకు కనకలక్ష్మి తరగతిదే. తరగతి మాత్రం ఆమె దగ్గరే ఉంది.

మార్చిలో కొమురయ్య టవరులో లిఫ్టు తిరిగింది. సర్టిఫికెట్ కోసం వచ్చినప్పుడు భవాని ఆ పాత పుస్తకమే తెచ్చి చేతికిచ్చింది. రాద్దామని కనకలక్ష్మి అట్ట తిప్పింది. ఆకుపచ్చ సిరా కింద, ఆఫీసు ముద్రా హోదా ఏమీ లేకుండా, ఇంకో చేతిరాత ఉంది.

'నిజమే. పక్కన కూర్చుని విన్నాను. – ఓంకార్, గోపన్‌పల్లి.'

దాని కింద ఇంకా రెండు వేళ్ల చోటు మిగిలింది. ఆమె కళ్లు తుడుచుకుని, చిన్న అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.