ఆ ‘ఎవరో’ నేనే

ఈ సంగతి మా ఆయనకి కొంత తెలుసు. మా అపార్ట్‌మెంటు వాళ్లకి ఇంకొంత తెలుసు. మొత్తం తెలిసింది నాకొక్కదానికే. కరోనా రాకముందు మొదలైంది, అప్పటినుంచి మోస్తున్నాను. మోయడం అంటే ఏడుస్తూ కూర్చోవడం కాదు. ఆఫీసుకు వెళ్తాను, నవ్వుతాను, మధ్యలో ప్రమోషన్ కూడా వచ్చింది. ఆకలి తగ్గలేదు, నిద్ర తగ్గలేదు. నిజానికి నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. ఇంత చేసిన మనిషి ఇంత మామూలుగా ఎలా ఉండగలదు? మీరు నన్ను ఎరగరు కాబట్టి చెబుతున్నాను. ఎరిగిన వాళ్లయితే చెప్పేదాన్ని కాదు. కనీసం ఆ నిజంతోనైనా మొదలుపెడతాను.

మాది కృష్ణా జిల్లా. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాం. ఇల్లు కొండాపూర్‌లో, నా ఉద్యోగం మాదాపూర్‌లో. నేను నలుపు. పెళ్లిచూపులకి వచ్చిన వాళ్లతో మా అమ్మ “పిల్ల చామనఛాయ” అని ముందే చెప్పేది. నలుపుకి మనవాళ్లు పెట్టుకున్న మర్యాద పేరు అది. వచ్చినవాళ్లు నా ముఖం చూసి, తర్వాత అమ్మ ముఖం చూసి, కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు. అంటే రంగును బట్టి మనిషిని పక్కన పెట్టడం ఎలా ఉంటుందో నాకు తెలియక కాదు. తెలిసే చేశాను. తెలియని వాళ్లకి దొరికే సాకు నాకు లేదు.

ఒక శనివారం సాయంత్రం కూరగాయలు తీసుకుని వస్తున్నాను. మా బ్లాకులో లిఫ్టు దగ్గర ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు. పొడుగు. బాగా నలుపు. బిగుసుకున్న రింగుల జుట్టు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. నన్ను చూసి పక్కకి జరిగి దారి ఇచ్చాడు. నేను లిఫ్టు ఎక్కలేదు. ఫోనులో ఏదో చూసుకుంటున్నట్టు నటించి అతని ఫోటో తీశాను. మెట్లెక్కి ఇంట్లోకి వచ్చి, చేతిలో సంచి కింద పెట్టకుండానే ఆ ఫోటోని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టి కింద రాశాను: “మన బ్లాకులోకి నైజీరియన్లు వస్తున్నారు. డ్రగ్స్ బ్యాచ్‌లా ఉన్నారు. పిల్లలున్న వాళ్లు జాగ్రత్త. సెక్యూరిటీ ఏం చేస్తున్నట్టు?”

అక్కడ ఉన్నది ఒక్కడు. నేను బహువచనంలో రాశాను.

ఆడదాన్ని, ఒంటరిగా ఉన్నాను, భయం వేసింది అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం వేసిందా? భయం వేసిన మనిషి ఆగి, వెలుతురు చూసుకుని ఫోటో తీస్తుందా? నాకు అప్పుడు కలిగింది భయం కాదు. ఉత్సాహం. గ్రూపులో అందరికన్నా ముందు నేను చెప్పాలన్న ఉత్సాహం. ఈ మాట రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

కాసేపటికే కింద గోల. బాల్కనీలోకి వెళ్లి చూశాను. మా బ్లాకు మగవాళ్లు అతన్ని గేటు దాకా తోసుకుంటూ తీసుకెళ్లారు. పాస్‌పోర్టు చూపించమంటున్నారు. “నాది ఈడనే అన్నా, హైదరాబాదే, ఇల్లు చూడనీకి వచ్చిన” అని అతను అంటున్నాడు. రెండో అంతస్తు దాకా స్పష్టంగా వినిపించింది. “చూశారా, తెలుగు కూడా నేర్చుకున్నాడు, ముదురు” అన్నారు ఎవరో. తర్వాత దెబ్బ చప్పుడు.

నాకు ఆ తెలుగు వినగానే తెలిసిపోయింది. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉన్నా ఆ “చూడనీకి” నా నోట పలకదు. అది నేర్చుకుంటే వచ్చే తెలుగు కాదు. ఇక్కడ పుట్టి పెరిగితే వచ్చేది. మెట్లు దిగితే సరిపోయేది. పొరపాటు నాదండీ, వదిలేయండి అంటే సరిపోయేది. నేను లోపలికి వెళ్లి బెండకాయలు కడిగాను. కుళాయి బాగా తిప్పి కడిగాను.

పోలీసులు వచ్చి అతన్ని తీసుకెళ్లారు. రాత్రికి వాళ్ల నాన్న ఆధార్ కార్డు పట్టుకుని వస్తే వదిలేశారని తర్వాత తెలిసింది. నేను గ్రూపులో పెట్టింది చెరిపేశాను. అప్పటికే నాకు థాంక్స్ చెబుతూ దండాలు, పువ్వులు వచ్చి ఉన్నాయి. మర్నాడు అసోసియేషన్ వాళ్లు వాచ్‌మన్‌ని తీసేశారు, ఎవరిని పడితే వాళ్లని లోపలికి వదులుతున్నాడని. అతను అస్సాం నుంచి వచ్చినవాడు. చిన్న కళ్లు కాబట్టి మేమందరం నేపాలీ అనేవాళ్లం. పిలవడానికి బహదూర్. అలా పిలిస్తే పలికేవాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే, చాలామంది చేసే తప్పే నేనూ చేశానని మర్చిపోయేదాన్నేమో. ఏడాది దాటాక మా టీములోకి ఒక కొత్త టెస్టర్ వచ్చాడు. మీటింగు రూములోకి అడుగుపెట్టగానే గుర్తుపట్టాను. పేరు ఖలీల్. అతనికి నేను గుర్తులేను. లిఫ్టు దగ్గర ఎవరో ఒక ఆంటీ, అంతే. మాట్లాడేటప్పుడు కుడి చెవి మనవైపు తిప్పేవాడు. ఎడమ చెవి సరిగా వినిపించదన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ఇల్లు ఏసీ గార్డ్స్ అని చెప్పాడు. ఆ పేరులో ఏసీ అంటే ఎయిర్ కండిషన్ అని నేను అనుకునేదాన్ని. కాదట, ఆఫ్రికన్ కావల్రీ అట. నవాబుల కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన గుర్రపు దళం ఉండేదట అక్కడ, ఆ పేరే మిగిలిపోయిందట. వీళ్ల ముత్తాతల ముత్తాతలు ఆ దళం వాళ్లు. నేను మొన్న మొన్న బస్సు దిగిన మనిషిని. అతన్ని నేను పరాయివాడన్నాను.

ఖలీల్ తన కథ నాకే చెప్పడానికి కారణం కూడా నేనే. నాకు ఒక కథ ఉంది. లంచ్‌లో కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా చెప్పేదాన్ని. ఆన్‌సైట్ పని మీద లండన్‌లో కొన్ని నెలలు ఉన్నప్పుడు, బస్టాపులో నిలబడితే కారులో పోతున్న కుర్రాడొకడు నన్ను చూసి “పాకీ” అని అరిచాడు. వీడికి తెలుగు ఎలా వచ్చింది అనుకున్నాను ముందు. నన్ను పట్టుకుని పాకీదాన్నంటాడా అని పౌరుషం వచ్చింది. తర్వాత ఎవరో చెప్పారు, అది తెలుగు మాట కాదు, పాకిస్తాన్ వాళ్లని తిట్టే మాట అని. అప్పుడు ఇంకో పౌరుషం, నేను పాకిస్తానీనా అని. ఈ కథకి అందరూ నవ్వి, తర్వాత పాపం అనేవాళ్లు. నాకు ఆ పాపం ఇష్టం. రెండు పౌరుషాల్లోనూ నేను అన్నది ఒక్కటే, నేను వాళ్లలో దాన్ని కాదు అని. వాళ్లని మాత్రం అలా తిట్టొచ్చా అన్న ప్రశ్న నాకు తట్టనే లేదు.

ఆ కథ విన్న రోజు అందరూ లేచిపోయాక ఖలీల్ మాత్రం కూర్చున్నాడు. లిఫ్టు దగ్గర నుంచి పోలీస్ స్టేషన్ దాకా అంతా చెప్పాడు. నేను మొదటిసారి వింటున్నట్టు విన్నాను.

“మేడం, మీరుండేది ఆ అపార్ట్‌మెంట్లనే గదా?” అన్నాడు చివరికి. “క్యాబ్ లిస్టుల చూసిన.”

“అవును.”

“ఎవరో ఫోటో దీసి గ్రూప్‌ల పెట్టిన్రంట. పోలీసాయన చెప్పిండు. ఎవరో మీకేమన్న ఎరుకనా? కేసు గిట్ల ఏం పెట్ట మేడం. ఒక్కసారి కూసొని అడగాలె, నేనేం చేసిన అని. గంతే.”

చెప్పొచ్చు. ఎదురుగా కూర్చున్నాడు, కోపంగా కూడా లేడు. అడిగేది ఒక్క ప్రశ్న. నాకు ఆ క్షణంలో నా టీము, నా పేరు, నేను చెప్పే కథలు, అన్నీ కనబడ్డాయి. అతను కనబడలేదు.

“వాచ్‌మన్ అనుకుంటా ఖలీల్,” అన్నాను. “అప్పట్లో ఒక నేపాలీ అతను ఉండేవాడు. అతనే తీసి ఎవరికో పంపాడని విన్నాను. తర్వాత తీసేశారులే.”

చేతిలో చెంచా కింద పెట్టాడు. “నీళ్లిచ్చిన ఆయననా?” అన్నాడు.

“ఏం నీళ్లు?”

“నేను కింద పడితే లేపిండు మేడం. ఆయన బాటిల్ల నీళ్లు నాకు తాపిండు. పోలీసు బండి వచ్చేదాంక పక్కనే నిలవడ్డడు. అంతమందిల ఆయనొక్కడే. మా అమ్మ ఇప్పటికీ ఆయనకు దువా చేస్తది.”

అప్పటికైనా వెనక్కి తీసుకోవచ్చు. సరిగా తెలియదు, ఎవరో అనుకుంటుంటే విన్నాను అని ఒక్క మాట అంటే, ఆ మంచి మనిషి వాళ్లకి మిగిలేవాడు. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“అలాంటివాళ్లే బాగా నటిస్తారు, ఖలీల్. ఆ ముఖాలని నమ్మకూడదు.”

“అట్లనా,” అన్నాడు. టిఫిన్ డబ్బా మూత పెట్టుకున్నాడు. “అమ్మకు చెప్త మరి.”

అతన్ని కొట్టించడం ఒక తప్పు. కానీ ఆ సాయంత్రం నుంచి అతనికి దక్కిన మంచి ఒక్కటే ఉంది, గుక్కెడు నీళ్లు. దాన్ని కూడా నేను లాక్కున్నాను. ఏది పెద్దది అని అడిగితే, నేను రెండోదే అంటాను. మీరేమంటారో నాకు తెలియదు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. కొన్నాళ్లకి మా ఫ్లోరులో సెక్యూరిటీకి ఈశాన్యం నుంచి కుర్రాళ్లు వచ్చారు. ఎవరిదో ఛార్జర్ కనబడకపోతే అందరికన్నా ముందు ఖలీలే అన్నాడు, “గా చింకీగాళ్లనే అడుగున్రి” అని. ఛార్జర్ తర్వాత పోయిందన్న మనిషి బ్యాగులోనే దొరికింది. అతను ఇంతకుముందు అలా మాట్లాడే మనిషి కాదు. ముఖం చూసి మనిషిని లెక్కగట్టడం వల్ల చెవి పోగొట్టుకున్నవాడు, అదే పని నా దగ్గర నేర్చుకున్నాడు. నేను అతని పక్కనే నిలబడి ఉన్నాను. అలా అనకూడదు ఖలీల్ అని కూడా అనలేకపోయాను. ఏ ముఖంతో అంటాను?

ఏటా మా కంపెనీలో ఎవరినీ రంగును బట్టి, జాతిని బట్టి తక్కువగా చూడకూడదని ఆన్‌లైన్‌లో ఒక ట్రైనింగు ఉంటుంది. చివర్లో ప్రశ్నలు. నాకు ఎప్పుడూ అన్నీ రైటే. ఒక ఏడాది మా టీముకి ఆ స్లైడ్లు నేనే చెప్పాను. ఖలీల్ ముందు వరుసలో కుడి చెవి నావైపు పెట్టి కూర్చున్నాడు. ఈ పాఠాలు మనుషుల్ని మారుస్తాయని చెప్పేవాళ్లని చూస్తే నాకు జాలి వేస్తుంది. జవాబులు నాకు మొదటినుంచీ తెలుసు.

ఇంకొకటి అడుగుతుంటాను నన్ను నేను. పాపం, అతను హైదరాబాద్ అబ్బాయే కదా, అనవసరంగా అనుమానించాను అని బాధపడుతుంటాను. నిజంగా నైజీరియా నుంచి చదువుకోవడానికి వచ్చిన అబ్బాయే అయి ఉంటే? అప్పుడు ఈ బాధ ఉండేదా? ఉండేది కాదు. ఆ ఫోటో అలాగే ఉండేది, ఆ పువ్వులూ దండాలూ అలాగే ఉండేవి. కాబట్టి నా పశ్చాత్తాపం కూడా సగం అబద్ధమే. చీటీ తప్పు మనిషికి అంటించానని బాధపడుతున్నాను, చీటీ అంటించినందుకు కాదు.

వాచ్‌మన్ పేరు కనుక్కుందామని ఒకసారి ఏదో సాకుతో గ్రూపులో అడిగాను. ఎవరికీ తెలియదు. బహదూరే కదండీ అన్నారు.

పోయిన నెల ఖలీల్ ఫోన్ చేశాడు. ఇప్పుడు అతని ఆఫీసు రాయదుర్గంలో. పెళ్లయింది, భార్యకి ఏడో నెల. ఆఫీసుకి దగ్గరగా ఇల్లు వెతుకుతున్నాడు. మా బ్లాకులోనే ఒక ఫ్లాటు ఖాళీ ఉందట. ఓనరు సరేనన్నాడట. మళ్లీ ఆ గేటులోకి రావాలంటే గుండె కొట్టుకుంటుంది కానీ మీరున్నారన్న ధైర్యంతో అడుగుతున్నాను, అసోసియేషన్ వాళ్లకి ఒక్క మాట చెప్పండి అన్నాడు. వెనక నుంచి ఆ అమ్మాయి సలాం చెప్పమంటోంది.

అతను ఇక్కడికి వస్తే పది రోజుల్లో ఎవరో ఒకరు చెప్పేస్తారు. ఆ ఫోటో ఎవరు పెట్టారో ఈ బ్లాకులో అందరికీ తెలుసు.

వద్దు ఖలీల్ అన్నాను. నీళ్లకి చాలా ఇబ్బంది, మనుషులు కూడా మంచివాళ్లు కాదు, కడుపుతో ఉన్న అమ్మాయిని పెట్టుకుని ఇక్కడికెందుకు అన్నాను. మీరు చెప్పారంటే మా మంచికే అన్నాడు. ఆ ఫ్లాటులోకి వేరేవాళ్లు వచ్చేశారు.

ఈసారి నేను అతని రంగు చూడలేదు. నా ముఖం దాచుకున్నాను, అంతే. కానీ ఆ గేటు దగ్గర నుంచి అతను వెనక్కి వెళ్లడం రెండోసారి, రెండుసార్లూ పంపింది నేనే. మూడోసారి అవసరమైతే మళ్లీ పంపుతానని నాకు తెలుసు. మారతానని మీకు మాట ఇవ్వను.

ఫోటో తీసింది నేను. నైజీరియన్లు అని రాసింది నేను. నీళ్లిచ్చిన మనిషి మీద నింద వేసింది నేను. చెప్పవలసింది ఖలీల్‌కి, చెబుతున్నది మీకు. రాశాక గుండె కొంచెం తేలిగ్గా ఉంది. ఆ తేలిక నాకు దక్కకూడనిది. అయినా దాచను, ఉంది.