పాప చేతికే ఇమ్మన్న కమ్మలు

గల్ఫ్‌లో, అల్ హైల్ అనే ఊళ్లో నేను పనిచేసే ఇంట్లో, నాకంటే ముందున్న తెలుగామె ఒక నవల వదిలిపోయింది. చైనాలో ఒక రైతు కుటుంబం కథ. శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ వాళ్లు బంధువుల ఇంటికి పోగానే, పక్కింట్లో పనిచేసే కడప అక్క వచ్చేది. ఆమెకు చదువు రాదు. వెనక వంటగదిలో కూర్చుని నేను చదువుతుంటే వినేది. కథలో కరువొస్తే ఏడ్చేది, పంట చేతికొస్తే తన చేనే పండినట్టు మురిసిపోయేది.

ఒక శుక్రవారం ఆ చోటు వచ్చింది. నాలుగు డబ్బులు చేరేసరికి రైతు ఇంకొకామెను మరిగాడు. బట్టలుతుకుతున్న పెళ్లాం దగ్గరికొచ్చి, ఆమె ప్రాణంగా దాచుకున్న రెండు ముత్యాలూ ఇమ్మన్నాడు. ఆమె మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈమెకు నోరు లేదా? నేనైతే ఆ తడి బట్టలతోనే బాదుదును!" అంటూ పుస్తకం విసిరేశాను.

అక్క నవ్వేసింది. "అది యాడో చైనా కత మే. మా ఇంటాయన అట్లాంటోడు కాదు."

తర్వాతి నెల నేను సెలవు మీద ఊరికి బయల్దేరాను. మాలో ఎవరు పోతున్నా అందరి మూటలూ వాళ్ల పెట్టెలోనే. తన మేడమ్ పండక్కిచ్చిన బంగారు కమ్మలు అక్క రుమాల్లో కట్టి ఇచ్చింది, ఇంటర్ చదివే కూతురి కోసం. "పాప చేతికే ఇయ్యి. నువ్వే చెవులకు పెట్టి సూడు" అని మూడుసార్లు చెప్పింది.

నేనేం చేశాను? అక్క ఇంటికి పోయేసరికి, ఇంకా ఏడిళ్లకు మూటలు ఇవ్వాలన్న తొందర. పాప హాస్టల్లో ఉంది, ఆదివారం వస్తుందని అక్క మొగుడు అనగానే, కమ్మలు ఆయన చేతిలోనే పెట్టి ఆటో ఎక్కాను. నా బుద్ధి గడ్డి తిన్నది!

మూడోరోజు నా పెట్టె అడుగున అక్క ఇచ్చిన పాలపొడి డబ్బా కనబడితే మళ్లీ వెళ్లాను. తలుపు తీసినామెను నేనెన్నడూ చూడలేదు. "ఆయన నీళ్లు పోసుకుంటాండాడు, కూచో" అంది, ఆ ఇల్లు తనదే అన్నట్టు. ఆమె చెవులకు అక్క కమ్మలు!

డబ్బా గడపలో పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వచ్చేశాను. అంత నోరున్న నేను!

తిరిగొచ్చిన శుక్రవారం అక్క పరుగున వచ్చింది. "పాపకు పెట్టినావా? ఎట్లుండాయి?"

విమానంలో దారి పొడుగునా అనుకున్నాను, ఉన్నదున్నట్టు చెప్పేయాలని. ఆ ముఖం చూశాక ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"పెట్టినా అక్కా. శానా బాగుండాయి" అన్నాను.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. అలమరలోంచి పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇంగ సదువు మే. ఆ పిచ్చి మాతల్లి ముత్యాలు పోగొట్టుకునింది సూడు, ఆడి నుంచి."