కోడిపిల్లల గుమ్మం

పొద్దున్నే డ్రమ్ములో సున్నపురాళ్ళు వేసి నీళ్ళు పోశాను. అవి కుతకుతా ఉడికి, ముక్కు మండించే ఆవిరి పైకి లేచింది. రేపు కొత్త కోడిపిల్లలు వస్తాయి. ఈలోపు షెడ్డు గోడలకి సున్నం పడాలి, ఊక ఎండాలి, ఎలుక కన్నాలు పూడ్చాలి. ఇన్ని పనుల మధ్య దుఃఖపడటానికి తీరికేదీ అనుకుంటూనే ఉంటాను, కళ్ళు మాత్రం నీళ్ళు కారుస్తాయి. ఎవరైనా అడిగితే సున్నం ఘాటు అంటాను. అది సగమే నిజం. మిగతా సగం మా పిన్నిగారు.

ఆవిడ నాకు చుట్టం కాదు, ఈ ఫారం యజమానురాలు. పేరు రత్నం. ద్రాక్షారామం రోడ్డులో కాలవ దాటాక కుడిచేతి పక్కన కనపడే షెడ్లన్నీ ఆవిడ కట్టించినవే. ఊరంతా పిన్నిగారనేది, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. సూపర్‌వైజర్ పనికి మనిషి కావాలంటే వెళ్ళాను. కోడిపిల్లల షెడ్డు చూపిస్తానని తీసుకెళ్ళారు. గుమ్మం ముందు నేను మర్యాదగా చెప్పులు విడిచి, ఒట్టికాళ్ళతో లోపలికి అడుగు వెయ్యబోయాను. మా వైపు ఎవరైనా అంతే. ధాన్యం గాదె దగ్గరికైనా, పాడి పశువు దగ్గరికైనా చెప్పులతో వెళ్ళం. లక్ష్మి ఉండే చోటు అంటాం.

"ఆగమ్మా. గుడికొచ్చావా ఏంటి?" అన్నారు.

"కాళ్ళు కడుక్కునే వచ్చానండీ."

"ఎక్కడ?"

"కాలవ రేవులోనండీ."

"ఊళ్ళో బాతులన్నీ ఈదేది ఆ రేవులోనే. మీ ఇంట్లో కోళ్ళున్నాయా?"

"పెరట్లో నాటుకోళ్ళు ఉన్నాయండీ."

"ఇంకేం. పెరడంతా నీ పాదాలకే ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోరు అసలే ఊరుకునే రకం కాదు. "మీ పిల్లల్ని చూడకూడనంత పాపం నా కాళ్ళు ఏం చేశాయండీ?" అనేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆవిడ నవ్వి, స్టూలు లాగి కూర్చోబెట్టి, సబ్బూ బ్రష్షూ చేతికిచ్చారు. తర్వాత రబ్బరు బూట్లు. గుమ్మం ముందున్న మందునీళ్ళ తొట్టి చూపించి, "ముందు బూట్ల బురద కడుగు, ఆ తర్వాతే ఇందులో దిగు. బురదతో దిగితే మందు చస్తుంది గానీ క్రిమి చావదు" అన్నారు.

ఆ క్రిమి పేరు సాల్మొనెల్లా అని ఆవిడే చెప్పారు. అది ఒంట్లో చేరినా పెద్ద కోడి ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది, గుడ్డు కూడా పెడుతుంది. నిన్నగాక మొన్న గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్లకి మాత్రం తట్టుకునే ఓపిక లేదు. రెక్కలు వాల్చేసి, వెచ్చదనానికి వేలాడదీసిన బల్బు కింద ముడుచుకుంటుంది. తెల్లటి రెట్ట వెనక అంటుకుని బిగిసిపోతుంది. ఆ తర్వాత మనం చేసేది తక్కువ. అందుకే ఆవిడ పట్టుదలంతా గుమ్మం దగ్గరే. పొద్దున్న ముందు పిల్లల షెడ్డు చూడాలి, తర్వాతే పెద్ద కోళ్ళవి. నాటుకోళ్ళు తిరిగే వాకిట్లో అడుగుపెట్టినవాళ్ళు ఆ రోజుకి ఇటు రాకూడదు. ఉద్యోగం కోసం నేను మా నాటుకోళ్ళని అక్కయ్యకి ఇచ్చేశాను.

ఇంత చాదస్తం ఎందుకని ఒకసారి అడిగాను. పిల్లల కోసం పరిచిన పేపర్ల మీద దాణా చల్లుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. మొట్టమొదటి బ్యాచ్ వచ్చినప్పుడు ఆవిడ అత్తగారు హారతిపళ్ళెం పట్టుకుని, పసుపు రాసుకున్న కాళ్ళతో షెడ్డులోకి వచ్చారట. అత్తగారి వెనకే వీధిలో ఆడవాళ్ళందరూ. ఒక్కరి కాళ్ళకీ చెప్పుల్లేవు. అందరూ పెరట్లో కోళ్ళకి మేత వేసి, అటునుంచి అటే వచ్చినవాళ్ళు. వారం తిరక్కుండా పిల్లలు గంపలకి గంపలు చచ్చిపోయాయి. గొయ్యి తవ్వి సున్నం చల్లి పూడ్చింది పిన్నిగారే.

"అత్తగారిని ఏమీ అనలేదా అండీ?" అన్నాను.

"ఏమని అంటానమ్మా? తల్లి కోళ్ళ నుంచి గుడ్డులోనే వచ్చిందేమో, ఎవరు చూశారు? పాదాల నుంచే వచ్చిందన్నామనుకో, ఆవిడ ఇంక అన్నం ముట్టదు. నరదిష్టి తగిలిందని చెప్పాను. పోయేదాకా అదే నమ్మింది."

పంతులుగారి ముచ్చట చెప్పకపోతే ఆవిణ్ణి చెప్పినట్టు కాదు. ఏటా షెడ్డులో పూజ చేయించేవారు. "రబ్బరేనండీ, తోలు కాదు. మీ మడికేం కాదు" అని ఆయన చేత బూట్లు తొడిగించారు. పంచె పైకి దోపి, మోకాళ్ళదాకా బూట్లతో ఆయన మంత్రాలు చదువుతుంటే మేం నవ్వాపుకోలేక చచ్చాం. పిన్నిగారు మాత్రం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

తర్వాత ఆవిడకి కాన్సర్ వచ్చింది. ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి, ఇంక చాలని ఇంటికొచ్చేశారు. జబ్బు పడకముందు ఆవిడ మకాం ఫారంలోని గదిలోనే. అత్తగారి జ్ఞాపకమని ఆ ఇంటి పెరట్లో ఇంకా నాటుకోళ్ళు తిరుగుతుండేవి. ఒక పొద్దున వాళ్ళబ్బాయి శ్రీను ఆటోలో తీసుకొచ్చాడు. ముందురోజే కొత్త పిల్లలు దిగాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. వేణ్ణీళ్ళు పెట్టించి, ఉతికిన బట్టలూ బూట్లూ సిద్ధం చేశాను. ఆవిడ ఆటో దిగలేదు.

"వద్దులే. వంగి కాళ్ళు తోముకునే ఓపిక లేదు. అరకొర శుభ్రంతో లోపలికి రాలేను" అన్నారు.

"నేను తోముతానండీ."

"వద్దన్నానా."

"పోనీ ఒక పిల్లని తెస్తాను. చేతిలో పెట్టుకుందురుగాని."

ఆవిడ చెయ్యి కాస్త ముందుకొచ్చింది. అంతలోనే వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇక్కడిదాకా తెస్తే దాన్ని మళ్ళీ వాటిలో కలపలేం కదమ్మా. ఒంటరిదైపోతుంది."

వెచ్చదనం పోకుండా షెడ్డుకి గోనెపట్టాలు దించి ఉన్నాయి. లోపల ఏమీ కనపడదు. ఆవిడ చెవి ఒగ్గి చాలాసేపు విన్నారు. చలేస్తే పిల్లలు గీ పెడతాయి, వెచ్చగా ఉంటే చిన్నగా కిచకిచమంటాయి. "వెచ్చగానే ఉన్నాయి. బాగా చూస్తున్నావు" అన్నారు. నాతో ఆవిడ అన్న ఆఖరి మాట అదే.

ఆ వారంలోనే పోయారు. కబురు తెలిసేసరికి నేను షెడ్డులో ఉన్నాను. పాడె మొయ్యాలని, షెడ్డులో నాతో పనిచేసే సత్తిబాబు అప్పటికే వెళ్ళిపోయాడు. పిల్లలకి మిగిలింది నేనొక్కదాన్ని. ఆ ఇంటికి వెళ్తే మళ్ళీ షెడ్డులోకి రాకూడదు, రాకపోతే మేతా వెచ్చదనం చూసే దిక్కులేదు. దాణా చల్లుతూ గట్టిగానే ఏడ్చాను.

శ్మశానానికి దారి మా గేటు ముందు నుంచే. పాడె అక్కడ ఆగింది. నేను గేటు లోపలే నిలబడ్డాను. శ్రీను తడిబట్టలతో, చేతిలో నిప్పుకుండతో నిలబడ్డాడు. "గేటు తియ్యండి అక్కా. దింపుడు కళ్ళం షెడ్డు ముందే చేద్దాం. అమ్మ ప్రాణమంతా అక్కడే కదా" అన్నాడు.

అతని వెనక ఊరు ఊరంతా ఉంది. ఒక్కరి కాళ్ళకీ చెప్పుల్లేవు.

"వద్దు శ్రీనూ. ఇక్కడే దించండి" అన్నాను.

ఎవరో నన్ను తిట్టారు. ఉప్పు తిన్న విశ్వాసం లేదన్నారు. శ్రీను ముఖం ఎర్రబడింది. నా బూట్లు చూశాడు, షెడ్డు గుమ్మం ముందు తొట్టి చూశాడు, తల దించుకున్నాడు. పాడె గేటు బయటే దించారు. ప్రాణం తిరిగొస్తుందేమో అన్న ఆఖరి ఆశతో చెవి దగ్గర మూడుసార్లు పిలవాలి. అతను "అమ్మా" అని పిలిచి ఆగాడు. ఆ నిశ్శబ్దంలో షెడ్డులోంచి పిల్లల కిచకిచలు వినపడ్డాయి. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. పిల్లలు తప్ప ఎవరూ పలకలేదు.

గేటు ఊచల అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో, పసుపు రాసిన ఆవిడ పాదాలు. వంగి కళ్ళకద్దుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఆ చేతులతోనే మళ్ళీ నీళ్ళ తొట్లు కడగాలి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఆ బ్యాచ్ నిలబడింది. పెరిగి, గుడ్లు పెట్టి, దాని కాలం అది గడిపి వెళ్ళింది. నేను మాత్రం సెలవు దొరికినప్పుడల్లా ద్రాక్షారామం వెళ్తాను. చెప్పులు విడిచి, ఒట్టికాళ్ళతో ఆ చల్లటి రాళ్ళ మీద నడిచి, స్వామి ముందు వంగుతాను. వంగిన ప్రతిసారీ నాకు కనపడేది గేటు అవతల ఆ రెండు పాదాలే. ఆ రోజు పెట్టని దణ్ణం ఇంకా నా చేతుల్లోనే ఉంది.