‘నియంత్రణ’ను కొట్టేసింది ఎవరు?

“ఇది నా దగ్గరికి రానేలేదండీ,” అన్నారు సెన్సారు అధికారి, ప్రూఫు నా వైపు తోసి. “నా పెన్సిల్ ఎరుపు. ఈ గీత నీలం. మీ డెస్కుదే.”

అది 1975 ఖరీఫ్. ఎమర్జెన్సీ వచ్చి కొద్ది వారాలే అయింది. విజయవాడలో ఒక దినపత్రికలో జిల్లా వార్తల డెస్కు నాది. కంపోజింగ్ అయిన వార్తను దిద్దుకోవడానికి పొడవాటి కాగితం మీద తీసే నకలును గ్యాలీ ప్రూఫ్ అంటాం. ఆ రోజుల్లో అది అధికారి సంతకంతో తిరిగొస్తేనే అచ్చుకు వెళ్లేది.

అంతకు ముందు వారం, గుణదలలో ఉండే చరిత్ర లెక్చరర్ జోసెఫ్ గారు యూరప్ నియంతల మీద వ్యాసం ఇచ్చారు. ఓడిన యుద్ధం, నిరుద్యోగం, భయం కలిసి జర్మనీలో ఒక పార్టీని గద్దెనెక్కించాయని, చట్టసభ తన అధికారాన్ని తానే చట్టం చేసి అప్పగించిందని రాశారు. పాతకాలపు రాజుకు పన్ను కట్టి తల వంచితే సరిపోయేది. ఈ కొత్తరకం ప్రభుత్వానికి మనిషి ఆలోచన కూడా కావాలి అన్నది ఆయన వాదన. ‘నియంత’ కనిపించిన చోటల్లా అధికారి ఎర్రగీత పెట్టారు. మిగిలింది అచ్చుకు పనికిరాలేదు.

తర్వాత చల్లపల్లి దగ్గరి రైతు సుబ్బయ్య గారు ఆఫీసుకు వచ్చారు. కాలువ చివరనున్న శివారు భూములకు వంతులవారీగా నీరు వదిలే తేదీలను వాళ్ల ఊరు మా పత్రికలోనే చూసుకునేది.

“ఏవండీ బాబూ, సినిమా బొమ్మలకున్న చోటు మా వంతుకు లేదా? నీళ్లొచ్చి పోయాయంట. మేం తూము ఎత్తుకోలేదు. నారుమడి ఎండిపోతోంది.”

ప్రూఫు వెతికి తీశాను. ‘శివారు భూములకు నీటి నియంత్రణ’ అన్న శీర్షిక నుంచి చివరిదాకా నీలం గీత. అధికారి చెబితేనే మావాళ్లు కొట్టారనుకుని, ఆ ప్రూఫు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

“నేను వద్దన్నది నియంతను. నియంత్రణ లేకపోతే కాలువలెట్లా నడుస్తాయండీ?” అని నవ్వి సంతకం పెట్టారు.

మర్నాడు తర్వాతి వంతు తేదీ మొదటి పేజీలో వేశాం. సుబ్బయ్య గారి నారుమడిలో సగం దక్కింది.

సంగతి విన్న జోసెఫ్ గారు, “నా వ్యాసంలో చివరి పేరా ఇదేనండీ,” అన్నారు. “మొదటి మాట వాళ్లు కొడతారు. మిగతావి మనమే కొట్టుకుంటాం.”

ఆ రోజు నుంచి మా డెస్కులో ఎవరు ఏది కొట్టినా పక్కన పొట్టి సంతకం పెట్టాలన్నాను. ఎమర్జెన్సీ పోయాక కూడా ఆ పద్ధతి తీసేయలేదు. పత్రికలో కత్తిరింపు తప్పదు, కానీ దానికి ఒక పేరుండాలి.

ఆ నీలం గీత ఎవరిదో మాత్రం తేలలేదు. డెస్కులో నలుగురం. నలుగురివీ నీలం పెన్సిళ్లే.