హారన్ బటన్ కింద గంధం

అమ్మ పోయిన ఏడాదే నేను బడి మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. తిరుపతిలో టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టి చిత్తూరులో నాయన దగ్గరికి వచ్చేశాను. కట్టు మార్పించడానికి నన్ను ఎముకల కట్టుకు పేరుబడ్డ పుత్తూరు తిప్పే పని ఆయన మీద పడింది. నాయనకు గుండ్రటి బానెట్ ఉన్న పాత నల్ల కారు ఒకటి ఉండేది. నేను పుట్టకముందు కొన్నది. దాన్ని నాకంటే గారాబంగా పెంచాడని అమ్మ ఎగతాళి చేసేది.

ఒక పొద్దున పుత్తూరుకు బయలుదేరబోతే హారన్ పలకలేదు. నాయన మెకానిక్‌ను పిలిచే రకం కాదు. తన కారు మీద ఇంకొకరు చెయ్యి వేస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, మంచి చేత్తో బటన్ నొక్కుతూ ఉండమన్నాడు. హెడ్‌లైట్లు బాగానే వెలిగాయి కనుక బ్యాటరీని అనుమానించలేదు. ఫ్యూజు తీసి చూసి మళ్లీ పెట్టాడు. చివరికి బానెట్ ఎత్తి, హారన్ నుంచి బటన్‌కు పోయే తీగను విప్పి, హారన్‌ను ఒక ముక్క వైరుతో కారు బాడీకి కలిపాడు. వీధంతా వినబడేలా మోగింది. అంటే హారన్‌కు ఏమీ కాలేదు, లోపం నా చేతి కిందున్న బటన్‌లోనే ఉంది.

స్టీరింగ్ నడిమి మూతను స్క్రూడ్రైవర్‌తో లేపాడు. లోపల, బటన్ నొక్కితే తగలాల్సిన రాగి రేకు కనబడలేదు. గట్టిపడిన గంధం, పసుపు, కుంకుమ పొరలు పొరలుగా పేరుకుపోయి ఉన్నాయి. అందరూ బండికి బొట్టు ముందు అద్దం మీద పెడతారు. అమ్మ మాత్రం ప్రతి శుక్రవారం హారన్ బటన్‌కు పెట్టేది. దారిలో అడ్డం వచ్చినవాళ్లను కాపాడేది అదేనని ఆమె నమ్మకం. గంధంలో పన్నీరు ధారాళంగా కలిపేది. ఆ తడంతా అంచుల్లోంచి లోపలికి దిగి ఎండిపోయింది.

గీకేస్తే సరిపోతుంది కదా అన్నాను.

"మీయమ్మ చేత్తో పెట్టింది పాపా. ఉండనీ," అన్నాడు.

మూత అలాగే బిగించి, డ్యాష్‌బోర్డు కింద కాలింగ్ బెల్ స్విచ్ ఒకటి అమర్చి హారన్‌కు తీగ లాగాడు. నాకు చిరాకేసింది. అయినా వాదించలేదు. అమ్మ చీరలన్నీ పంచిపెట్టేశాం, దిండు కూడా ఎవరికో ఇచ్చేశాం. ఆమె చెయ్యి తగిలినట్టే మిగిలింది ఆ మూత కింద ఉన్నదేనని నాకూ తెలుసు.

పుత్తూరు దగ్గరపడుతుండగా, గడ్డిమోపు ఎత్తుకున్న ఒక ముసలామె రోడ్డు దాటబోయింది. గడ్డి ఆమె కళ్లకు అడ్డంగా వేలాడుతోంది. నాయన చెయ్యి పాత అలవాటుగా స్టీరింగ్ నడిమికే పోయింది. నొక్కాడు, మళ్లీ నొక్కాడు. కొత్త స్విచ్ ఆయనకు గుర్తే రాలేదు. బ్రేకు గట్టిగా తొక్కితే కారు ఆమె కొంగుకు తగిలేంత దగ్గర ఆగింది. బెదిరి, మోపుతో సహా ఆమె రోడ్డు పక్కన కూలబడింది. అదృష్టం, దెబ్బలేమీ తగల్లేదు. నాయన దిగి ఆమెను లేపి, చెదిరిన గడ్డి ఏరి మోపు కట్టాడు.

"హారన్ కొట్టుంటే నిలబడుందును కదప్పా. నా చెవులు బాగానే ఉండాయి," అందామె. నాయన తల దించుకుని మోపు ఆమె తలకెత్తాడు.

కట్టు మార్పించుకుని ఇంటికి వచ్చాం. నాయన కారు దిగకుండానే మూత తీసి, గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. నేను పక్క సీట్లో కట్టుచేత్తో ఊరికే కూర్చున్నాను. పసుపు, ఎర్ర పొడి ఆయన పంచె మీద రాలింది. కాసేపు పన్నీరు వాసన వచ్చింది, తర్వాత అదీ లేదు. రాగి రేకు బయటపడేదాకా రుద్ది, తీగ కలిపి, మూత బిగించి నొక్కాడు. హారన్ ఎప్పటిలాగే మోగింది.

అమ్మను సాగనంపిన రోజు నాయన ఏడవలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు చాలాయా, నీళ్లు అందాయా అని చూసుకుంటూ తిరిగాడు. అందరూ గుండె రాయి అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

"ఇప్పుడు పోయింది పాపా మీయమ్మ," అన్నాడు. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు. నుదురు బటన్ మీద పడి హారన్ మోగుతూనే ఉంది. వీధిలో తలుపులు తెరిచి చూస్తున్నారు. తల ఎత్తమని నేను ఆయనకు చెప్పలేకపోయాను.